ఇంటర్ పుస్తకాలు ఎవరికిస్తే చదువుతారు?

"మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. రెండు అట్టపెట్టెల పుస్తకాలు మిగిలాయి. తూకానికి వేయడానికి మనసు రావడం లేదు. హైదరాబాదులో ఎవరికివ్వాలి?" అని మీరు అడిగారు. మా అమ్మాయి పుస్తకాలతో నేనూ ఇలాగే తిరిగాను కనుక నా అనుభవం రాస్తున్నాను.

మొదటిసారి, లోపల ఏమున్నాయో చూడకుండా పెట్టెలన్నీ ఆటోలో వేసుకుని ఒక స్వచ్ఛంద సంస్థలో ఇచ్చి వచ్చాను. కొన్ని నెలల తరువాత వేరే పనిమీద వెళ్లినప్పుడు, నేను కట్టిన పురికొస ముడి కూడా విప్పని ఆ పెట్టెలు వసారాలో చెమ్మపట్టి కనిపించాయి. అక్కడ చదువుకునేది ఐదో తరగతిలోపు పిల్లలు. ముందుగా అడగకపోవడం నా తప్పే. ఆ బాధ నన్ను చాలా రోజులు వదలలేదు.

అందువల్ల ముందు చదివేవారిని వెదకండి. ప్రభుత్వ బడుల్లో పదో తరగతి వరకు పాఠ్యపుస్తకాలు ఉచితంగానే అందుతాయి కాబట్టి అక్కడ వాటి అవసరం తక్కువ. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ, గురుకులాల్లోనూ చదివే పిల్లలకు కొరతగా ఉండేవి ఈఏపీసెట్‌కు, జేఈఈకి సాధన చేసుకునే పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాల సంపుటాలు, మంచి నిఘంటువులు. రెండోసారి నేను పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, లోపల పెన్నుతో జవాబులు రాసి ఉన్నాయా లేదా అనే వివరాలతో ఒక పట్టిక రాసుకుని, మా ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకుడికి చూపించాను. ఆయన 31 పుస్తకాల్లో 14 మాత్రమే ఎంచుకున్నారు. 2024 జేఈఈ మెయిన్ సిలబస్ నుంచి కొన్ని పాఠాలు తొలగించారు కదా, వాటిని విషయసూచికలో పెన్సిలుతో గుర్తుపెట్టి ఇమ్మని కోరారు. ఒక సాయంత్రం కూర్చుని ఆ పని చేసి, లోపలి పేజీల్లోని పాత పెన్సిలు రాతలు చెరిపి, అట్టలు ఊడినవి అంటించి ఇచ్చాను.

మీ ఇంట్లో తెలుగు అకాడమీవారి చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం పుస్తకాలు కూడా ఉంటే వాటిని విడిగా ఉంచండి. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు చదివే అభ్యర్థులు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని రోజంతా కూర్చుంటారు. మా తమ్ముడి డిగ్రీ పుస్తకాలను అక్కడ చదువుకుంటున్న ఒక యువకుడి చేతికే నేరుగా ఇచ్చాను, ఆయన తన గదిలో ఉండే మరో ఇద్దరితో కలిసి వాడుకున్నారు.

జూన్‌లో తరగతులు మొదలయ్యేలోపే ఇవ్వండి, ఆలస్యమైతే అప్పటికే పిల్లలు అప్పుచేసి కొనుక్కుని ఉంటారు. ఎవరూ కోరని పుస్తకాలను నేను కోఠిలోని పాత పుస్తకాల దుకాణంలో అమ్మి, వచ్చిన డబ్బుకు కొంత కలిపి ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కొని అదే కళాశాలకు ఇచ్చాను.