సంక్షేమ పథకాలు అర్హులకే ఇవ్వడం న్యాయమా, అందరికీ ఇవ్వడం న్యాయమా?

తిండి, వృద్ధాప్య పింఛను, వైద్యం అందరికీ ఇవ్వాలి. ఉన్నవాళ్ల దగ్గర పన్నుల్లో రాబట్టుకోవాలి. అర్హుల్ని ఏరడం వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, ఆ జల్లెడలోంచి ముందు జారిపోయేది పేదవాళ్లే.

పథకాలకు అర్హులెవరో తేల్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత పెట్టిన ఆరంచెల పరిశీలననే తీసుకోండి. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు. కారు ఉండకూడదు, ఆటో, టాక్సీ, ట్రాక్టరుకు మినహాయింపు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపన్ను కట్టేవాళ్లు గానీ ఉండకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. పట్నంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపే ఉండాలి.

ఇందులో ఎక్కువ చేటు చేసేది ఆ 300 యూనిట్ల లెక్క. తండ్రి పేరున ఒకే మీటరు, వెనక వసారాలో ముసలివాళ్లు, ముందు రెండు వాటాల్లో కొడుకులు. పొయ్యిలు మూడు, సర్వీసు నంబరు ఒకటి. కొడుకులిద్దరూ చెరో 140 యూనిట్లు కాలుస్తారు. తండ్రి వాటాలో ఒక ఫ్యాను, రెండు బల్బులు, చిన్న టీవీ కలిపి 40. మొత్తం 320. ఆ నంబరుకు ముడిపడ్డది తండ్రి ఆధార్ కాబట్టి పోయేది ఆయన పింఛను. లెక్కలో తప్పేమీ లేదు, కంప్యూటరుకు వసారా కనపడదు, అంతే.

ఇలాంటప్పుడు ముందు గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఏ అంచెలో ఆగిందో రాయించుకోండి. ఊరికే 'అనర్హులు' అని చెప్తే ఊరుకోవద్దు. వేరేవాళ్ల సర్వీసు మీ ఆధార్‌కు తగిలించి ఉంటే విద్యుత్ సెక్షన్ ఆఫీసులో విడదీయించాలి. నిజంగానే ఉమ్మడి మీటరైతే వాటాకో మీటరు పెట్టించుకోవాలి, అయినా సగటు తగ్గడానికి నెలలు పడుతుంది. భూమి తేడా ఉంటే 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు తీసుకుని తహసీల్దారు దగ్గరికి. అమ్మేసిన కారు ఇంకా మీ పేరునే ఉంటే రవాణా ఆఫీసులో ఫారం 29, 30 పెట్టి కొన్నవాళ్ల పేరు మీదికి మార్పించాలి. ఇంత తిరుగుడు ఎవరు తిరగగలరు? కూలి మానుకుని వారం తిరిగే ఓపిక ఉన్నవాళ్లే. అందుకే ఏరివేతలో అనర్హుడికి అందడం, అర్హుడికి అందకపోవడం అనే రెండు తప్పులూ సమానం కావంటాను. మొదటిదానికి ఖజానాలో కొంత డబ్బు పోతుంది, రెండోదానికి ముసలాయన మందులు ఆగిపోతాయి. సమాజంలో మన చోటు ఏదో మనకే తెలియనట్టు ఊహించుకుని నియమాలు రాసుకోవాలని అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో చెప్పాడు. ఆ వసారాలో ఉండేది తానేనేమో అనుకున్నవాడెవడూ మీటరు చూసి పింఛను ఆపే నియమం రాయడు.

అందరికీ ఇస్తే ఖర్చు తట్టుకోలేమంటారు. దానికి తమిళనాడు రేషనే జవాబు. 1997లో కేంద్రం రేషన్‌ను దారిద్ర్యరేఖకు దిగువ, ఎగువ అని చీల్చింది. తమిళనాడు ఆ గీత గీయకుండా అందరికీ ఇస్తూ వచ్చింది. అక్కడ బియ్యం వద్దనుకున్నవాళ్లు చక్కెర కార్డు తీసుకుంటారు, ఏ సరుకూ అక్కర్లేనివాళ్లకు వేరే కార్డుంది. కలిగినవాళ్లు రేషన్ బియ్యం కోసం లైన్లో నిలబడరు.

అయితే 'అందరికీ' అన్న మాటతో కూడా జాగ్రత్త. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టినప్పుడు భూపరిమితి పెట్టలేదు. పంటకు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు. అంటే 20 ఎకరాల పట్టాదారుకు పంటకు లక్ష, ఆ నేల దున్నే కౌలురైతుకు సున్నా. అది అందరికీ ఇవ్వడం కాదు, ఆస్తిని బట్టి ఇవ్వడం. ఆంధ్రాలో 2019 సాగుదారు హక్కుల చట్టం కౌలురైతుకు సాగుదారుగా గుర్తించే 11 నెలల కార్డు ఇస్తామంది గానీ, దానికి భూయజమాని సంతకం కావాలంది. పొలం చేజారుతుందేమోనని యజమానులు వెనకాడారు. కౌలురైతు సాగులో ఉన్నాడో లేడో పక్క పొలాల రైతులు, వీఆర్వో గట్టు మీద నిలబడి చెప్పగలరు. ఆ సంతకం అడగడం మానేయాలి.