లాభాల వాటాతో స్టేషన్ వ్యాగన్: ఒకటి కొనండి, రెండోది వద్దు

ప్రశ్న: నేను భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగిని, వయసు 43. ఇల్లు హన్మకొండలో ఉంది, హోం లోన్ ఈఎంఐ నెలకు 14 వేలు. పెద్దమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, బాబు ఏడో తరగతి. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా బాపు, అమ్మ పరకాల దగ్గర ఊళ్లో ఉంటారు. నాకు చిన్నప్పటి నుంచి స్టేషన్ వ్యాగన్లంటే, అంటే పైకప్పు డిక్కీ చివరి దాకా సాగే కార్లంటే పిచ్చి. కరీంనగర్‌లో 2006లో రిజిస్టరైన టాటా ఇండిగో మరీనా డీజిల్ 1.1 లక్షలకు వస్తోంది. హైదరాబాద్‌లో 1996 నాటి టాటా ఎస్టేట్, మహారాష్ట్ర నంబరు, 3 లక్షలు చెబుతున్నారు. లాభాల వాటా, దీపావళి బోనస్ కలిపి నా చేతిలో 3 లక్షల దాకా ఉన్నాయి. మరీనాను వాడుకుని, ఎస్టేట్‌ను గోల్డ్ లోన్‌తో కొని పెట్టుబడిగా ఉంచుకుందామనుకుంటున్నా. ఇలాంటి బండ్ల రేటు ఏటా పెరుగుతుందని సోపతిగాళ్లు అంటున్నారు. మా ఆవిడ రెండూ వద్దంటోంది. ఇవి కాక 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మరీనా కొనండి. ఎస్టేట్ వద్దు. నగలు తాకట్టుకు వెళ్లకూడదు.

మీ ఇష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మీ ఇంటి అవసరాలకు మరీనాకన్నా బాగా సరిపోయే బండి ఆ ధరలో దొరకదు. సీటు ఎత్తు సెడాన్‌లాగే ఉంటుంది కాబట్టి మీ బాపు మోకాళ్ల మీద భారం వేయకుండా కూర్చుంటారు. వెనక సీటు మడిచి డిక్కీ తలుపు పైకెత్తితే బియ్యం బస్తాలు, పరుపు, అమ్మాయి హాస్టల్ సామాను అన్నీ పడతాయి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతా: మేడారం జాతరకో పెళ్లికో వెళ్లేటప్పుడు ఖాళీ ఉంది కదా అని పిల్లల్ని డిక్కీలో కూర్చోబెట్టకండి. అక్కడ సీటూ లేదు, బెల్టూ లేదు.

ఇక పెట్టుబడి సంగతి. మీ స్నేహితుల మాటకు మూలం ఒక్కటే: ఈ బండ్లు ఇప్పుడు అరుదు. ఎందుకు అరుదయ్యాయో చూడండి. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. తర్వాత మారుతి బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, స్కోడా ఆక్టేవియా కాంబీ, 2004లో మరీనా వచ్చాయి. ఏ ఒక్కటీ పెద్దగా అమ్ముడుపోలేదు. దానికి తోడు 2006 బడ్జెట్‌లో 4 మీటర్లలోపు పొడవు, చిన్న ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడుగు డిక్కీ ఉన్న బండికి అది పెద్ద దెబ్బ. 2008లో టాటా వాళ్లే ఇండిగోను కురచ చేసి ఇండిగో సీఎస్‌గా అమ్మారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్లలోనూ ఆ 4 మీటర్ల గీత అలాగే ఉంది: చిన్న ఇంజిన్‌తో గీత లోపలుంటే 18 శాతం, దాటితే 40.

అంటే కొనేవాళ్లు లేకనే ఇవి అరుదయ్యాయి. రేపు మీరు అమ్మబోయినా అదే సమస్య ఎదురవుతుంది. అభిమానులు ఉన్నారు, నిజమే. కానీ మీకు డబ్బు అవసరమైన నెలలోనే, మీరు అనుకున్న రేటుకు కొనే అభిమాని దొరకాలి. బంగారానికీ ఎఫ్‌డీకీ ఈ బాధ లేదు.

ఎస్టేట్ లెక్క వేసి చూద్దాం. గోల్డ్ లోన్ వడ్డీ 10 శాతమే అనుకున్నా 3 లక్షలకు ఏడాదికి 30 వేలు. అసలు కదలకుండా ఐదేళ్లు వడ్డీ కడితే 1.5 లక్షలు. దాని ఇంజిన్ 1,948 సీసీ. 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం 1,500 సీసీ దాటిన కారు థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే ఇచ్చే బీమా) ప్రీమియం 7,897 రూపాయలు, జీఎస్టీతో 9,300 దాటుతుంది. ఐదేళ్లకు 46 వేల పైమాట. టైర్లు, బ్యాటరీ, రిపేర్లకు ఏటా 25 వేలు అనుకుంటే మరో 1.25 లక్షలు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 10 వేలు. కొన్న 3 లక్షలతో కలిపి మొత్తం 6.3 లక్షలు. అంతకు అమ్మితే మీకు లాభమూ నష్టమూ లేదు. 3 లక్షల బండి ఐదేళ్లలో రెట్టింపు దాటి పలుకుతుందని చెప్పే ఆధారం నాకు ఎక్కడా కనబడలేదు. మహారాష్ట్ర నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు మార్పించే ఖర్చు, తిరుగుడు ఈ లెక్కలో లేనే లేవు.

'వింటేజ్' అని రాయించుకుందామన్నా కుదరదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికే ఆ ప్రత్యేక రిజిస్ట్రేషన్. 1996 బండికి అది 2046లో. అప్పటికి మీరు 61 ఏళ్లకు రిటైరై మూడేళ్లవుతుంది. పన్ను విషయంలో ఒక వెసులుబాటు ఉంది. సొంత వాడకానికి ఉన్న కారు మూలధన ఆస్తి కిందకు రాదు కాబట్టి, లాభం వస్తే దాని మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. నష్టం వస్తే మాత్రం దాన్ని వేరే లాభంలో సర్దుకోలేరు.

మరీనా దగ్గరకు వద్దాం. దీని బలం ఇంజిన్. 1.4 లీటర్ల ఇండికా డీజిల్, మన దగ్గర ఏళ్ల తరబడి ట్యాక్సీల్లో తిరిగిన ఇంజిన్. పరకాలలోనైనా భూపాలపల్లిలోనైనా మెకానిక్‌కు కొత్త కాదు. క్లచ్, బ్రేకులు, ఫిల్టర్లు ఇండికా, ఇండిగోలవే చాలావరకు సరిపోతాయి. కష్టమంతా వెనక భాగంతోనే. డిక్కీ తలుపు, దాని పెద్ద అద్దం, టెయిల్ ల్యాంపులు మరీనాకే ప్రత్యేకం. అవి పగిలితే పాత సామాను దుకాణాలు తిరగాల్సిందే. అందుకే బండి చూడటానికి వెళ్లినప్పుడు ముందు వెనక్కి వెళ్లండి. తలుపు పైకెత్తి వదిలితే నిలబడుతోందా, కింద అంచున రబ్బరు లేపితే తుప్పు ఉందా, అద్దం చుట్టూ నీళ్లు దిగిన మరకలున్నాయా చూడండి. స్పేర్ టైరు గుంతలో తడి ఉంటే బేరం ఆపేయండి. ఇంజిన్ రిపేరు డబ్బుతో అవుతుంది, ఈ తలుపు డబ్బున్నా దొరక్కపోవచ్చు.

కాగితాల్లో అసలు మెలిక ఒకటుంది. 2006 బండికి 2021తో 15 ఏళ్లు నిండాయి. అప్పుడు ఐదేళ్లకు రెన్యువల్ చేయించి ఉంటే అది 2026 వరకే. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 10 వేలకు పెంచింది, 15 నుంచి 20 ఏళ్ల మధ్యవాటికి 5 వేలే. పైన గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) కూడా ఉంటుంది. కాబట్టి ఆర్సీ మీద గడువు తేదీ చూడందే అడ్వాన్స్ ఇవ్వకండి. రెన్యువల్ అమ్మే ఆయనే చేయించి ఇవ్వాలి, లేదా ఆ మేరకు ధర తగ్గించాలి. గడువు ఎప్పుడో 2021లోనే దాటిపోయి ఉంటే ఆ బండి వదిలేయండి.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ చాలు, జీఎస్టీతో 4 వేల పైచిలుకు. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా మాత్రం తప్పక చేర్పించండి. ఫుల్ పాలసీలో ఇంత పాత బండికి ప్లాస్టిక్, రబ్బరు, ఇనుప భాగాలన్నిటికీ సగం ధరే లెక్కిస్తారు. పెట్టిన ప్రీమియానికి న్యాయం జరగదు. దానికి బదులు నెలకు 2,500 ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి. రిపేర్లన్నీ అందులోంచే. అది ఖాళీ అయిన నెల కొత్త సామాను ఏదీ కొనకండి.

మీ 3 లక్షల్లో మరీనాకు 1.1, రెన్యువల్, పేరు మార్పులకు 20 వేలు, నాలుగు కొత్త టైర్లు, టైమింగ్ బెల్ట్, బ్రేకులకు 50 వేలు. అక్కడితో గీత గీయండి. పెయింటింగ్, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టం వచ్చే దసరాకు చూసుకోవచ్చు. మిగిలిన 1.2 లక్షలు అమ్మాయి పేరు తలచుకుని విడిగా ఎఫ్‌డీ చేయండి. ఇంటర్ అయ్యేలోపు కౌన్సెలింగ్, ఫీజు, హాస్టల్ డిపాజిట్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఉన్న 2 లక్షల ఎఫ్‌డీ ఇంటి అత్యవసరానికి, దాన్ని ముట్టుకోవద్దు.

మీ ఆవిడ భయం నాకు అర్థమవుతోంది, అది న్యాయమైనదే. రెండు పాత బండ్లు, తాకట్టు పెట్టిన నగలు అంటే ఎవరికైనా టెన్షనే. ఈ కాగితం ఆమె ముందు పెట్టి, కరీంనగర్‌కు ఆమెను కూడా తీసుకెళ్లండి. బండి ఆమె కూడా నడిపి చూడాలి. ఇద్దరూ సరేనంటే బండి పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు ఆ రోజే తీసుకుని, డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బేరం 1.1 లక్షలు దాటితే తిరిగి వచ్చేయండి.