ఎనిమిదేళ్ల తరువాత మళ్లీ బ్యాడ్మింటన్: 3,000 లోపు ఏ రాకెట్?

ఎనిమిదేళ్ల తరువాత పాత రాకెట్‌తోనే మళ్లీ డబుల్స్ మొదలుపెట్టారా? స్మాష్ కొట్టగానే మోచేయి లాగుతోందంటే, ఆ రాకెట్ కూడా ఒక కారణం కావచ్చు. దాని తల బరువుగా, కాడ బిరుసుగా ఉందేమో చూడండి. ఆట మానిన చేతికి అలాంటిది భారం.

1. బరువు 4యు, అంటే 80–84.9 గ్రాములు.

2. సమతూకం మధ్యలో ఉండి, కాడ కాస్త వంగేది తీసుకోండి. డబుల్స్ ఆడతారు కాబట్టి ఇదే నయం.

3. చాలామంది వదిలేసేది గట్టింగ్, అంటే రాకెట్‌కు తీగ కట్టించడం. డబ్బంతా ఫ్రేముకే పెట్టకండి, కనీసం 500 పక్కన ఉంచండి. కొత్త రాకెట్‌కు ముందే వేసి వచ్చే తీగ తరచూ వదులుగా ఉంటుంది. వేలితో మీటితే మొద్దుగా మోగుతుంది. మెషీన్ మీద 22–24 పౌండ్ల బిగువుకు కట్టించండి. రాకెట్ మీద అచ్చువేసిన గరిష్ఠ పరిమితి దాటనివ్వకండి.

విజయవాడ ఎండలో రాకెట్‌ను కారులో వదిలితే తీగ బిగువు సడలుతుంది, జాగ్రత్త.

నొప్పి తగ్గకపోతే ముందు వైద్యుడికి చూపించండి.