కోరంగి ఓడ దొరకాలంటే ఇంటిపేరు పక్కన పెట్టండి

ముత్తాతగారి ఓడ వివరాలు పాత రికార్డుల్లో ఎంత వెతికినా దొరకలేదని అడిగారు కదా, ఇంటిపేరుతో వెతకడం వల్లే మీకేమీ దొరకలేదు. 1850 ప్రాంతంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి బర్మాలోని రంగూన్ వెళ్లిన మీ ముత్తాతగారి ఓడ, రేవు పట్టికల్లో ఉంటే ఓడ పేరు మీదో, నడిపిన సరంగు పేరు మీదో ఉంటుంది. యజమాని పేరు చాలాచోట్ల రాయరు.

1. ముందు ఓడ పేరు పట్టుకోండి. పాత దస్తావేజులు, అప్పు పత్రాలు, ఇంట్లో పెద్దవాళ్లు.

2. అందరూ తప్పిపోయేది ఇక్కడే. గోదావరి జిల్లా ఏర్పడింది 1859లో. అంతకుముందు కాగితాలు రాజమండ్రి జిల్లా కింద ఉంటాయి. ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోటు) కేటలాగులో 'గోదావరి' అని కొడితే మీ ఓడ కాలం మొత్తం జారిపోతుంది!
పేర్లూ అంతే. దొరలు చెవికి తోచినట్టు రాసుకున్నారు: కాకినాడ 'కోకనాడ', కోరంగి 'కోరింగా'. ఓడ పేరు లక్ష్మి అయితే 'లచ్మీ', 'లుచ్మీ' కూడా కొట్టి చూడండి. ఒక్కో పేరుకి నాలుగైదు స్పెల్లింగులు ముందే కాగితం మీద రాసుకుంటే టెన్షన్ ఉండదు.

3. తర్వాత చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఆనాటి మద్రాసు ప్రభుత్వ కాగితాలు అక్కడుంటాయి. ఆనాటి మద్రాసు పత్రికల్లో ఓడల రాకపోకల కాలమ్ కూడా చూడండి.

4. సరుకు యానాంలో దిగేదని ఇంట్లో అంటే అది ఫ్రెంచి రికార్డు. ఫ్రాన్స్‌లో ఎక్సాన్‌ప్రొవాన్స్‌లోని వలస రాజ్యాల ఆర్కైవ్స్‌ను అడగాలి.

బర్మా వైపు వెతికేటప్పుడు 'కోరంగీ' అని కొట్టండి, అక్కడ తెలుగువాళ్లని అలాగే పిలిచేవారు. ఓడ కోరంగి ఉప్పెనలో పోయిందని ఇంట్లో చెప్పుకుంటే మాత్రం 1850 వదిలేసి, ఆ ఉప్పెన వచ్చిన 1839 నవంబరు నుంచి వెనక్కి వెళ్లండి.