మోటారును ఎంత బాగా గీసినా రేడియో మోత లెక్కకు రాదు

ఇన్వర్టరుతో (బ్యాటరీ విద్యుత్తును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ ఏసీగా మార్చే పరికరంతో) నడిచే కారు మోటారు నుంచి వచ్చే విద్యుదయస్కాంత అంతరాయాన్ని అంచనా వేయడానికి, మోటారు లోపలి క్షేత్రాన్ని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో, అంటే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, లెక్కిస్తే చాలునా అని మీరు అడిగారు. చాలదు. ఆ లెక్క టార్కుకు, అంటే తిప్పే బలానికి, పనికివస్తుంది. రేడియోలో మోతకు మాత్రం వైండింగుకూ మోటారు బాడీకీ మధ్యనున్న కెపాసిటెన్సు (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం), కేబులు, దాని షీల్డును (కేబులు చుట్టూ ఉండే లోహపు అల్లికను) బిగించిన తీరు తెలియాలి.

రేణిగుంట దగ్గర నేను పనిచేసిన చోట ఒక పరీక్షా వాహనాన్ని జాకీల మీద లేపి చక్రాలు తిప్పితే, కడప ఆకాశవాణి వచ్చే 900 కిలోహెర్ట్జ్ దగ్గర బర్రుమనే మోత తప్ప మాట వినిపించేది కాదు. సరఫరాదారు ఇచ్చిన సిమ్యులేషన్ నివేదికలో అక్కడ ఏమీ లేదు. ఎలా ఉంటుంది? ఇన్వర్టరు స్విచింగ్ 10 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు పదివేల సార్లు. వారు తీసుకున్నది సగం కాలం ఆన్, సగం కాలం ఆఫ్ ఉండే చదరపు తరంగం. అందులో సరి హార్మోనిక్‌లు (స్విచింగ్ పౌనఃపున్యానికి సరిసంఖ్య రెట్లలో ఉండేవి) సున్నా, 900 అంటే సరిగ్గా 90వది. నిజమైన ఇన్వర్టరులో పల్సు వెడల్పు మారుతూనే ఉంటుంది కనుక సరివీ బేసివీ అన్నీ ఉంటాయి. మన కళాశాలల ప్రాజెక్టులు కూడా ఆ చదరపు తరంగం దగ్గరే ఆగిపోతాయి, వైవాలో అడిగే నాథుడూ ఉండడు.

జేబు రేడియోను ఇన్వర్టరు నుంచి మోటారుకు వెళ్లే నారింజరంగు కేబులు వెంట జరుపుతూ పోగా, మోటారు వైపు చివర మోత చెవులు చిల్లులు పడేలా ఉంది. అక్కడ షీల్డు అల్లికను చుట్టూ క్లాంపుతో పట్టకుండా, జడలా మెలిపెట్టి ఒక్క బోల్టుకు తగిలించారు. పది సెంటీమీటర్ల అటువంటి తోకకు సుమారు 0.1 మైక్రోహెన్రీ ఇండక్టెన్సు (మారే విద్యుత్తును అడ్డుకునే గుణం) ఉంటుంది. 900 కిలోహెర్ట్జ్ వద్ద దాని అడ్డంకి సగం ఓము పైచిలుకు, 30 మెగాహెర్ట్జ్ వద్ద 19 ఓములు. 400 వోల్టులు 100 నానోసెకన్లలో మారితే వైండింగుకూ బాడీకీ మధ్యనున్న 2 నానోఫారడ్ల కెపాసిటెన్సు గుండా లెక్క ప్రకారం 8 ఆంపియర్లు పారాలి. ఆ తోక వల్ల షీల్డు దారి ఇరుకైతే అందులో కొంత ఛాసిస్ (కారు లోహపు చట్రం) మీదుగా తిరిగి వస్తుంది. చుట్టూ క్లాంపు వేయించాక కడప వార్తలు వినబడ్డాయి. అంతకుముందు మోత తగ్గించాలని కేబులుకు తొడిగిన ఫెరైట్ రింగుల మీద పోసిన డబ్బు బూడిదలో పోసినట్టే.

కనుక మూడు ఫేజులనూ కలిపి, బాడీకీ వాటికీ మధ్య ఇంపిడెన్సును (మారే విద్యుత్తుకు ఎదురయ్యే మొత్తం అడ్డంకిని) 150 కిలోహెర్ట్జ్ నుంచి పైకి కొలిచి, ఆ వక్రానికి సరిపడే ఆర్‌ఎల్‌సీ నిచ్చెనను (రెసిస్టర్లు, ఇండక్టర్లు, కెపాసిటర్లు మెట్లుగా కలిపిన సర్క్యూట్‌ను) మోడల్‌లో పెట్టండి. వాహనాల రేడియో అంతరాయ పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ 25 (CISPR 25) చెప్పే 5 మైక్రోహెన్రీ నెట్‌వర్కును సరఫరా వైపు చేర్చడం మరువకండి. అది లేకపోతే మీ అంకెలకూ ప్రయోగశాల అంకెలకూ పొంతన ఉండదు.