ఇళ్లలో కుండల లెక్క, దిబ్బలో పెంకుల లెక్క కలవకపోతే

బస్తీ ఇళ్లలో కుండలు, పాత ఊరి దిబ్బలో పెంకులు లెక్కపెట్టి, రెండూ ఎందుకు కలవట్లేదని అడిగారు. మీ లెక్కలో తప్పు లేదు. తేడా కుండల ఆయుష్షులో ఉంది. ఇళ్లలో నీళ్లు నిలవచేసే గోలేలు, రంజన్లు ఎక్కువ కనబడ్డాయి, పాత ఊరి దిబ్బ పెంకుల్లో మాత్రం వంట అటికలే ఎక్కువ అన్నారు. అట్లాగే రావాలి.

1. ఇంట్లో చూసేది ఒక్కరోజు సరుకు. దిబ్బలో ఉన్నది ఏళ్ల తరబడి పగిలినదంతా.

2. అందరూ వదిలేసేది ఇదే: ప్రతి కుండ దగ్గరా ఆగి "ఇది ఎప్పుడు కొన్నారు? దీనికి ముందుది ఎన్నాళ్లుంది?" అని అడగాలి. రోజూ పొయ్యెక్కే అటిక ఏడాది, మూలన కదలని గోలెం 20 ఏళ్లు ఉంటుందనుకోండి. 20 ఏళ్లలో దిబ్బకు చేరేవి 20 అటికలు, ఒక్క గోలెం. మానవశాస్త్రవేత్త జార్జ్ ఫాస్టర్ మెక్సికోలోని ఒక కుమ్మరుల ఊళ్లో ఇదే అడిగి 1960లో ప్రచురించారు. సంవత్సరం గుర్తులేదంటే "పెద్దమ్మాయి పెళ్లికి ముందా, తర్వాతా?" అనండి, ఠక్కున చెప్తారు.

3. పగిలినవి ఎటు పోతున్నాయో రాయండి. మా గల్లీలో మూతి విరిగిన రంజన్లో తులసి పెరుగుతోంది, అది ఇంకా దిబ్బకు చేరలేదు.

4. పెంకుల్లో మూతి అంచు ముక్కలే లెక్కపెట్టండి. ఆషాఢంలో ఇళ్లు తిరిగి ఉంటే బోనం కుండలు విడిగా రాసుకోండి, అవి పండక్కని తెచ్చినవి.