ఏ కార్టూన్ పాత్ర గీసినా ఎక్కడో చూసిన బొమ్మలాగే వస్తోంది, సొంత పాత్రకు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏది గీసినా టీవీలో చూసిన బొమ్మ పోలికే వస్తోందని, సొంత పాత్రకు ముందు కళ్లు కుదుర్చుకోవాలా, దుస్తులు కుదుర్చుకోవాలా అని మీరు అడిగారు. అమలాపురం దగ్గర ఉంటూ పిల్లల కథలకు బొమ్మలు వేసేవాడిగా నేను చెప్పేది ఏమిటంటే, ముందు కుదరవలసినవి ఆ రెండూ కావు. ఆ పాత్ర ఏ పని చేసి బతుకుతుందో, ఆ పనిలో దాని ఒళ్లు ఎలా వంగుతుందో తేల్చుకోండి. ఎంత అందమైన కళ్లతో మొదలుపెట్టినా, చెయ్యి తనకు అలవాటైన కళ్లనే గీస్తుంది కాబట్టి పాత పోలిక వదలదు.

నా పాత్ర ఒక లకుముకి పిట్ట. మా పంట కాలువల వెంట కరెంటు తీగల మీద కూర్చునే ఈ పిట్టకు నీలపు వీపు, ముదురు గోధుమ రంగు తల, తెల్లని రొమ్ము, ఎర్రని ముక్కు ఉంటాయి. తలా ముక్కూ ఒంటికి మించినవి, కాళ్లు మరీ పొట్టివి. కార్టూనిస్టు చేయవలసిన అతిశయోక్తిలో సగం ప్రకృతే చేసి పెట్టిందన్నమాట. అయినా అంతవరకు అది పిట్ట బొమ్మే తప్ప పాత్ర కాదు. దాన్ని కాలువ లాకుల దగ్గర నీటి తలుపులు ఎత్తి దించే లస్కరుగా ఊహించుకున్నాక, నీటి కేసి గంటల తరబడి చూసే దాని సహజ గుణమే ఉద్యోగ ధర్మంగా మారింది. మెడ భుజాల్లోకి దిగిపోయి, రెక్కలు రెండూ వెనక్కి కట్టుకుని, ముక్కు కిందికి దించి నీటి మట్టం చూసే ఆ నిలబడే తీరులోంచే పైన బరువుగా, కింద సన్నగా ఉండే ఆకారం వచ్చింది.

దుస్తుల విషయానికి వస్తే టోపీ, ఈల, తాళాల గుత్తి అన్నీ గీసి చూసి, చివరికి భుజం మీద తుండుగుడ్డ ఒక్కటే ఉంచాను. టోపీ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, తుండుగుడ్డ మాత్రం నటిస్తుంది. కోపం వస్తే లస్కరు గారు దాన్ని విదిలిస్తారు, సిగ్గు వేస్తే ముక్కు కప్పుకుంటారు, వేసవిలో కాలువలు కట్టేసి పని లేనప్పుడు తల కింద పెట్టుకుని పడుకుంటారు. పెదవులు లేని పిట్టకు నవ్వు, ఏడుపు తేవడం కష్టం కాబట్టి ఆ భారంలో చాలా భాగం ఈ గుడ్డే మోస్తోంది.

నన్ను ఎక్కువగా సతాయించింది ముక్కు. పక్క నుంచి బాకులా కనిపించే ముక్కు, ఎదురుగా చూస్తే చిన్న చుక్కగా కుదించుకుపోయి పాత్ర పోలికనే మింగేస్తుంది. అందుకని తల ఎప్పుడూ కొంచెం పక్కకు తిరిగే ఉండాలని నియమం పెట్టుకున్నాను. ఇలాంటి చిన్న మోసాలు కార్టూన్‌లో చెల్లుతాయి. మిక్కీ మౌస్ తల ఎటు తిప్పినా చెవులు గుండ్రంగానే కనిపించడం అటువంటిదే.

ఆకారం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి బొమ్మ మొత్తాన్ని నల్ల సిరాతో నింపి చూడండి. లోపలి గీతలు ఏమీ లేకుండా కూడా అది ఎవరో పోల్చుకోగలగాలి. ఆ తరువాత వెనక నుంచి గీయండి. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ 1951 నుంచి గీసిన ‘సామాన్యుడు’ పాత్ర నోరు విప్పకపోయినా, ముఖం అటు తిప్పుకున్నా, బట్టతల పక్కల వెంట్రుకలు, గళ్ల కోటు, పంచె చూసి ఎవరైనా గుర్తుపడతారు. వెనక నుంచి మీ పాత్ర ఎవరో తెలియకపోతే ముఖానికి మెరుగులు దిద్దడం వృథా.

కొలతలు తల లెక్కన, అంటే తల ఎత్తునే ఒక కొలతగా తీసుకుని రాసుకోండి. ఎదిగిన మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలుగా గీస్తారు, చిన్నపిల్లల కార్టూన్ పాత్రలు రెండు మూడు తలలకు మించవు. మా లస్కరుకు రెండు. ఎదురు, పక్క, వెనక భంగిమలను ఒకే కాగితం మీద గీసి, అడ్డగీతలతో కళ్లు, భుజాలు, మోకాళ్ల ఎత్తు సరిచూసుకుని ఆ మోడల్ షీట్‌ను బల్ల ముందు అంటించుకోండి. అది లేకపోతే పది పేజీల కథలో పాత్ర పేజీకో ఎత్తు పెరుగుతుంది.

మీరు టీవీ ప్రభావం ఒక్కటే చెప్పారు గాని, గోదావరి జిల్లాల్లో గీయడం నేర్చుకున్న మాలాంటి వాళ్లకు అంతకన్నా గట్టి ప్రభావం నరసాపురంలో పుట్టిన బాపు గారిది. ఆ బ్రష్ గీత అనుకరిస్తే చెయ్యి తిరుగుతుంది, కాబట్టి సాధనకు తప్పులేదు. సొంత పాత్ర తొలి చిత్తు బొమ్మలు మాత్రం బ్రష్‌తో కాకుండా మొద్దు పెన్సిల్‌తో వేయమని నా సలహా, ఎందుకంటే గీత సొగసు లేనప్పుడు ఆకారంలోని లోపం దాగదు.

ఎవరైనా కాపీ కొడతారేమోనన్న మీ భయానికి వస్తే, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సొంతంగా గీసిన బొమ్మకు రిజిస్ట్రేషన్ లేకుండానే హక్కు వస్తుంది, అది చిత్రకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. అయితే రక్షణ మీరు గీసిన రూపానికే గాని ‘లాకుల దగ్గర పనిచేసే పిట్ట’ అనే ఊహకు కాదు. చిత్తు బొమ్మలను పారేయకుండా తేదీ వేసి, సంతకం చేసి దాచుకోండి. వివాదం వస్తే ఆ రూపం మీ చేతిలో ఎలా తయారైందో చూపడానికి అవి పనికొస్తాయి.